పనికిరాని వెలుగును వెనక్కి పంపడం

రోలింగ్ మిల్లుకు కొత్తగా వచ్చిన ట్రెయినీలను రీహీటింగ్ ఫర్నేస్ (ఉక్కును సాగదీసే ముందు కాల్చే కొలిమి) పీప్ హోల్ దగ్గరికి తీసుకెళ్లి, నీలం అద్దం చేతికిచ్చి లోపలికి చూడమంటాను. వేడి అంతటా సమంగా పట్టే చివరి భాగం, అంటే సోకింగ్ జోన్‌లోకి చూసినవాళ్లు దాదాపు అందరూ ఒకటే మాట అంటారు: "లోపల ఏమీ లేదు మేడమ్." ఉన్నాయి. పొడుగాటి ఉక్కు బిల్లెట్లు వరసగా ఉన్నాయి. అటు బిల్లెట్లను లోపలికి తోసే ఛార్జింగ్ వైపు నుంచి చూస్తే నల్లగా, అంచులతో సహా స్పష్టంగా కనిపిస్తాయి. వేడెక్కుతూ ఇటు జరిగి, గోడలూ కప్పూ తామూ ఒకే వేడికి చేరేసరికి మాయమైపోతాయి. ఎటు చూసినా ఒకటే నారింజ తెలుపు. ఇటుక ఏదో ఉక్కు ఏదో తెలియదు.

దీనికి కారణం 1859, 60ల్లోనే కిర్కాఫ్ చెప్పాడు. మూసి ఉన్న పెట్టె అంతా ఒకే వేడిలో ఉంటే, లోపలి వెలుగు ఎంత, ఏ రంగు అన్నది ఆ వేడిని బట్టే తప్ప గోడ దేనితో కట్టారన్నదాన్ని బట్టి ఉండదు. వెలుగును బాగా పీల్చుకునే వస్తువు అంతే బాగా వెలువరిస్తుంది. సరిగా పీల్చుకోనిది తనంతట తాను తక్కువే ఇస్తుంది గానీ, పక్కవాటి నుంచి తన మీద పడ్డదాన్ని తిప్పి కొడుతుంది. సొంతదీ తిప్పి కొట్టినదీ కలిపితే లెక్క సరిపోతుంది. కాబట్టి మూసిన ఫర్నేస్‌లో ఎంత గొప్ప పదార్థం పెట్టినా తేడా తెలియదు. తలుపు తెరిచి, వేడి వస్తువు ఎదురుగా చల్లటి వస్తువు ఒకటి నిలబడ్డప్పుడే ఉపరితలం గుణం బయటపడుతుంది. కింద రాయబోయేది వేడి వస్తువు వెలుగులోంచి కరెంటు తీయడం గురించి. ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంటే అదంతా సులువుగా అర్థమవుతుంది.

నా ఉద్యోగం ఇన్‌స్ట్రుమెంటేషన్. గాజువాక అవతల ఒక మిల్లులో థర్మోకపుల్స్ (వేడి కొలిచే తీగలు), పైరోమీటర్లు, వాటి కాలిబ్రేషన్, అంటే కొలత సరిచూడడం, నా పని. పైరోమీటర్ అంటే దూరం నుంచి వెలుగును చూసి వేడి ఎంతో చెప్పే పరికరం. దానికి ముందుగా ఒక అంకె ఇచ్చుకోవాలి, దాన్ని ఎమిసివిటీ అంటాం. అదే వేడి దగ్గర నికార్సయిన నల్ల వస్తువు ఇచ్చే వెలుగులో ఈ ఉపరితలం ఎంత భాగం ఇస్తుందన్నది ఆ అంకె. పొలుసు (వేడికి పైన కట్టే ఆక్సైడ్ పొర) పట్టిన ఉక్కుకు 0.8 పైన ఉంటుంది. మెరుగు పెట్టిన లోహానికి 0.1, 0.2 దాకా కూడా పడిపోతుంది. ఫర్నేస్‌లోంచి వచ్చిన బిల్లెట్ మీద డీస్కేలర్ నీళ్లు గట్టిగా కొట్టి పొలుసు ఊడగొట్టగానే, అదే బిల్లెట్‌కు మీటర్ తక్కువ వేడి చూపిస్తుంది. మా ఫోర్‌మన్ గారు పాతకాలం మనిషి, ఇనుము రంగు చూసి వేడి చెప్పగలరు. "ఏటి మేడమ్, తానం చేయించగానే జొరం తగ్గిపోయిందేటి?" అని నన్ను ఏడిపిస్తూనే ఉంటారు. తగ్గిన కొంత నిజంగా నీళ్ల వల్లే. మిగతాది ఉపరితలం మారడం వల్ల.

మాకు ఎమిసివిటీ అంటే తలనొప్పి. దాన్నే పనిముట్టుగా వాడుకుందామని చూసేవాళ్లు ఇంకో లోకంలో ఉన్నారు. మా అన్నయ్య కొడుకు ఆ లోకంలోకి వెళ్తున్నాడు. ఎం.టెక్. ప్రాజెక్టుకి థర్మోఫోటోవోల్టాయిక్స్ తీసుకున్నాడు, పొడుగు పేరు కాబట్టి టీపీవీ అందాం. సంక్రాంతికి వచ్చి, "అత్తా, ఎమిటర్ మీద చేయనా, సెల్ మీద చేయనా?" అని అడిగాడు. అరిసెలు తింటూ అడిగిన ప్రశ్నే గానీ, జవాబు చెప్పడానికి నేను చాలా చదవాల్సి వచ్చింది. ఈ పోస్టు ఆ చదువు ఫలితం.

టీపీవీ మూలసూత్రం చిన్నదే. సోలార్ సెల్‌కు సూర్యుడు ఎదురుగా ఉండక్కర్లేదు, బాగా వేడెక్కిన ఏ వస్తువైనా చాలు. ఆ వేడి వస్తువే ఎమిటర్. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, ఈ వస్తువు నాలుగు అంగుళాల దూరంలో ఉంటుంది. మా ఫర్నేస్ వేడి, 1180 డిగ్రీల సెల్సియస్ అనుకుందాం. వేడిని బట్టి ఎంత శక్తి వెలువడుతుందో చెప్పే స్టెఫాన్, బోల్ట్‌జ్‌మన్ సూత్రంలో పెడితే చదరపు మీటరుకు సుమారు 254 కిలోవాట్లు వస్తాయి. మే నెల మిట్టమధ్యాహ్నం డాబా మీద పడే ఎండ చదరపు మీటరుకు ఒక కిలోవాటు మాత్రమే. అంకె చూసి ఎవరికైనా ఆశ పుడుతుంది.

ఆశ వెంటనే చల్లారుతుంది కూడా. సూర్యుడి ఉపరితలం 5500 డిగ్రీలు, అందుకే దాని వెలుగు అర మైక్రాన్ పొడుగు తరంగాల చుట్టూ పోగవుతుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మా ఫర్నేస్ వెలుగు శిఖరం 2 మైక్రాన్ల దగ్గర, అంటే కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌లో ఉంటుంది. సిలికాన్ సెల్ 1.1 మైక్రాన్ కన్నా పొట్టి తరంగాలనే కరెంటుగా మార్చగలదు. ఏ వేడి దగ్గర ఏ తరంగాల వాటా ఎంతో చెప్పే ప్లాంక్ పట్టిక తీసి చూసుకుంటే, 1180 డిగ్రీల దగ్గర అంత పొట్టి తరంగాల వాటా మొత్తంలో 2 శాతం. మిగతా 98 శాతం సెల్‌ను వేడెక్కించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు, వేడెక్కిన సెల్ ఆ 2 శాతాన్నీ సరిగా మార్చదు. సిలికాన్ వదిలేసి ఇండియం గాలియం ఆర్సెనైడ్ లాంటి ఖరీదైన పదార్థం తీసుకుంటే హద్దు 1.7 మైక్రాన్ల దగ్గరికి జరుగుతుంది. అప్పుడు పనికొచ్చే వాటా 15 శాతం. ఇంకా 85 శాతం మిగిలే ఉంది.

ఆ 85 శాతాన్ని ఏం చేయాలన్నదే అసలు సమస్య. అసలు పుట్టనివ్వకూడదా, లేక పుట్టాక వెనక్కి పంపాలా? ఈ రంగం చరిత్రంతా ఈ రెండు దారుల మధ్య నడిచింది.

మొదటి దారిని మనవాళ్లు చాలామంది కళ్లారా చూశారు, దాని పేరు తెలియకపోయినా. పెట్రోమాక్స్ లైటు. మా విజయనగరం వైపు పెళ్లి ఊరేగింపుల్లో తల మీద పెట్రోమాక్స్ మోసేవాళ్లు ఉండేవారు. ఆ లైటులో వెలిగేది కిరోసిన్ మంట కాదు, మంట చుట్టూ ఉండే మేంటిల్. కొత్త మేంటిల్ మెత్తటి గుడ్డ సంచీలా ఉంటుంది. మొదటిసారి ముట్టించగానే గుడ్డ కాలిపోయి, దానికి పట్టించిన లవణాలు ఆక్సైడ్‌లుగా మారి, తెల్లటి బూడిద గూడు మిగులుతుంది. వేలు తగిలితే పొడి అయిపోయే ఆ గూడే రాత్రంతా కళ్లు చెదిరే వెలుగు ఇస్తుంది. పిల్లలం దగ్గరికి వెళ్తే మోసేవాడు కసిరేవాడు, మేంటిల్ రాలిపోతే డబ్బులు తన కూలిలోంచి పోతాయని.

ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1885లో మొదటి మేంటిల్‌కు పేటెంటు తీసుకున్నాడు గానీ, అది అంతగా నిలబడలేదు. 1891లో కుదిరిన పాళ్లు ఇవి: 99 శాతం థోరియం ఆక్సైడ్, 1 శాతం సీరియం ఆక్సైడ్. థోరియం ఆక్సైడ్ కంటికి కనిపించే వెలుగులోనూ, దాని పక్కనున్న ఇన్‌ఫ్రారెడ్‌లోనూ దాదాపు ఏమీ వెలువరించదు. అంటే వేడిని బయటికి పోనీయకుండా లోపలే పట్టి ఉంచుతుంది, అందుకే మంటలో బాగా వేడెక్కుతుంది. ఆ వేడిని కనిపించే వెలుగుగా బయటికి పంపే పని ఆ 1 శాతం సీరియం చూసుకుంటుంది. ఉత్త థోరియం అయితే వెలుగు వెలవెలబోతుంది. సీరియం ఎక్కువైతే వేడి అంతా ఇన్‌ఫ్రారెడ్‌గా కారిపోయి గూడు చల్లబడుతుంది, మళ్లీ మసక. వేడి వస్తువు ఏ రంగు వెలుగు ఇవ్వాలో మనిషి పాళ్లు కలిపి నిర్ణయించిన తొలి పదార్థాల్లో ఇదొకటి. నానో అనే మాట ఎవరూ వినని రోజుల్లో.

ఆ థోరియం మోనజైట్ ఇసుకలోంచి వచ్చేది. 1909లో షోంబెర్గ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త తిరువాన్కూరు తీరంలో మోనజైట్ కనిపెట్టాడంటే మేంటిళ్ల గిరాకీ వల్లే. మా భీమిలి బీచ్‌లో పాదాలకు అంటుకునే నల్ల ఇసుకలో కూడా మోనజైట్ ఉంది. ఆదివారం పిల్లలతో వెళ్లినప్పుడు ఈ సంగతి చెప్తే ఎవరూ పట్టించుకోలేదు, ముంత మసాలా బండి వైపు పరిగెత్తారు.

మేంటిల్‌ను కరెంటుతో కలిపింది అమెరికాలో. సిలికాన్ సోలార్ సెల్ 1954లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. రెండేళ్లకే, 1956లో, ఎం.ఐ.టి. వాళ్ల లింకన్ ల్యాబొరేటరీలో హెన్రీ కోమ్ ఒక క్యాంపింగ్ లాంతరు మేంటిల్ ఎదురుగా సిలికాన్ సెల్ పెట్టి కరెంటు తీశాడు. టీపీవీ పుట్టుక అదే అని చాలామంది అంటారు. 1960, 61ల్లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పియరీ ఎగ్రెన్ ఎం.ఐ.టి.లో ఇచ్చిన ఉపన్యాసాలను కూడా కొందరు మొదలుగా లెక్కేస్తారు. నా ఓటు లాంతరుకే. ఆ తర్వాత అమెరికా సైన్యానికి చప్పుడు చేయని జనరేటర్ కావాల్సి వచ్చి చాలా ఏళ్లు డబ్బు పోశారు. థోరియం బదులు ఇటర్బియం, ఎర్బియం ఆక్సైడ్‌లతో మేంటిళ్లు చేశారు. ఇటర్బియం ఆక్సైడ్ ఒక మైక్రాన్ దగ్గర సన్నటి పట్టీలో వెలుగు ఇస్తుంది, సిలికాన్‌కు సరిగ్గా కావాల్సిన చోట. కానీ ఆ పట్టీ మరీ సన్నం, అందులో వచ్చే వాట్లు తక్కువ. పట్టీకి దూరంగా, పొడుగు తరంగాల వైపు కొద్దికొద్దిగా కారేది కూడగడితే చాలా ఎక్కువైపోతుంది.

ప్రకృతి ఇచ్చిన పట్టీ సరిపోకపోతే మనమే చెక్కుకుందాం అన్నది తర్వాతి ఆలోచన. 1987లో ఎలీ యాబ్లొనోవిచ్, సజీవ్ జాన్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఫోటోనిక్ క్రిస్టల్ భావన ఇచ్చారు. వెలుగు తరంగమంత కొలతలో ఒకే నమూనా మళ్లీ మళ్లీ వచ్చేలా పదార్థాన్ని మలిస్తే, కొన్ని రంగుల వెలుగుకు అందులో చోటే ఉండదు. 2002లో అమెరికాలోని శాండియా ల్యాబ్ వాళ్లు టంగ్‌స్టన్ కడ్డీలను కట్టెల మోపులా అడ్డంగా నిలువుగా పేర్చి ఇన్‌ఫ్రారెడ్‌లో పెద్ద నిషేధ పట్టీ చూపించారు. ఎం.ఐ.టి. వాళ్లు ఇంకా తేలిక దారి పట్టారు: టాంటలం పలక మీద మైక్రాన్ ప్రాంతపు వెడల్పున్న గుండ్రటి గుంటలు వరసగా తొలిచారు. ఈ గుంటల కిటుకు నాకు బాగా నచ్చింది. గుంట కంటే బాగా పొడుగున్న తరంగం అందులో దూరలేదు, కాబట్టి పైనుంచే తిరిగిపోతుంది. పొట్టి తరంగం లోపల దూరి, గోడలకు కొట్టుకుని అక్కడే ఇంకిపోతుంది. ఇంకడం అంటే పీల్చుకోవడం. కిర్కాఫ్ చెప్పినట్టు, ఏది పీల్చుకుంటుందో దాన్నే వెలువరిస్తుంది. అంటే ఆ పలకను వేడి చేస్తే గుంట కొలతకు లోబడిన పొట్టి తరంగాలే జోరుగా బయటికొస్తాయి. ఎమిసివిటీ అనే అంకెను డ్రిల్లు సైజుతో ఎంచుకోవడం! జీవితమంతా ఆ అంకెతో కుస్తీ పట్టిన నాకు కొంచెం అసూయ కూడా కలిగింది.

ఇక్కడిదాకా చదివి మా మేనల్లుడికి ఎమిటరే చేయమని చెప్పేసేదాన్ని. కానీ ఫర్నేస్ పక్కన పనిచేసేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. ఏ కొత్త వస్తువు చూపించినా, "ఇది వేడిలో ఎన్నాళ్లు ఉంటుంది?" అని అడుగుతాం.

వేడిలో నగిషీ నిలవదు. థర్మోకపుల్ తీగ కొన్ని నెలలకు గింజ కట్టి పెళుసైపోతుంది. ఇటుక అంచు గుండ్రబడుతుంది. లోహంలో పరమాణువులు అది కరగకముందే కదలడం మొదలుపెడతాయి, ఉపరితలం మీద అయితే మరీను. పదునైన అంచు మీద ఉన్న పరమాణువు పక్కనున్న పల్లంలోకి జారుకుంటుంది. నగిషీ ఎంత చిన్నదైతే జారాల్సిన దూరం అంత తక్కువ. మైక్రాన్ గుంట పూడిపోవడానికి లోహం కరగక్కర్లేదు. 2013లో ఇల్లినాయ్, స్టాన్‌ఫర్డ్ వాళ్లు కలిసి చేసిన పని చదివాను. టంగ్‌స్టన్ నానో నిర్మాణం ఉత్తగా వదిలేస్తే 1000 డిగ్రీల ప్రాంతంలో కూలిపోతోందని, దాని మీద హాఫ్నియం ఆక్సైడ్ పల్చటి పూత వేశారు. పూతతో 1000 డిగ్రీల దగ్గర 12 గంటలకు పైగా నిలిచింది, 1400 దగ్గర కనీసం గంట. ఆ రంగంలో అది పెద్ద గెలుపే, కాదనను. అయితే టంగ్‌స్టన్ అసలు కరిగేది 3400 డిగ్రీల పైన. అంత గట్టి లోహానికి కూడా 1000 దగ్గరే పూత కావాల్సి వచ్చింది. పైగా మా దగ్గర 12 గంటలంటే ఒక షిఫ్టున్నర.

రెండో దారిలో నగిషీని వేడి వైపు నుంచి తీసి చల్లటి వైపు పెడతారు. ఎమిటర్ ఏ వెలుగైనా ఇచ్చుకోనీ, గ్రాఫైట్ ముద్దయినా సరే. సెల్ వెనక మంచి అద్దం పెడితే చాలు. సెల్ మార్చగలిగే తరంగాలను మార్చుకుంటుంది. మార్చలేనివి సెల్‌లోంచి దూసుకెళ్లి, వెనకున్న అద్దానికి తగిలి, వచ్చిన దారినే ఎమిటర్‌కు తిరిగి చేరతాయి. కిరాణా కొట్టువాడు చిరిగిన నోటు తీసుకోకుండా చేతికి తిరిగి ఇచ్చేసినట్టు. మన డబ్బు మన దగ్గరే ఉంటుంది. ఎమిటర్ ఆ వేడిని మళ్లీ పీల్చుకుని ఇంకోసారి వెలువరిస్తుంది, ఈసారి అందులో కొంత పనికొచ్చే తరంగంగా వస్తుంది.

ఇందులో అద్దం నాణ్యతే సర్వస్వం, ఎందుకో అంకెల్లో చూడండి. ఎమిటర్ నుంచి 100 వాట్లు వచ్చాయనుకుందాం, మా ఫర్నేస్ వేడి దగ్గర. పనికొచ్చేవి 15, తిప్పి పంపాల్సినవి 85. అద్దం 95 శాతం తిప్పి పంపితే 4 వాట్ల పైచిలుకు సెల్‌లో ఉత్త వేడిగా మిగిలిపోతాయి. 15 వాట్ల వ్యాపారంలో 4 వాట్ల నష్టం. 98.5 శాతం తిప్పి పంపితే నష్టం 1.3 వాట్లు. చూడ్డానికి మూడున్నర శాతం తేడా, లెక్కలో మూడింతల తేడా. బంగారు అద్దాన్ని సెల్‌కు నేరుగా అంటిస్తే ఆ అతుకు దగ్గర ప్రతిసారీ కొంత వెలుగు బంగారంలో ఇంకిపోతుంది. మిషిగన్ యూనివర్సిటీలో ఆండ్రే లెనర్ట్, స్టీఫెన్ ఫారెస్ట్ బృందం 2020లో సెల్‌కు, బంగారానికి మధ్య సన్నటి గాలి పొర వదిలారు. సెల్ పల్చటి పొర, వంతెనలా గాలి మీద ఆని ఉంటుంది. తిప్పి పంపడం 98.5 శాతానికి చేరింది, మార్పిడి సామర్థ్యం 30 శాతం దాటింది. ఎమిటర్ వేడి 1455 కెల్విన్. అంటే 1180 చిల్లర సెల్సియస్. మా సోకింగ్ జోన్ వేడి అది! పేపర్‌లో ఆ అంకె చూసి లేచి టీ పెట్టుకున్నాను.

2022లో ఎం.ఐ.టి.లో అసెగన్ హెన్రీ బృందం, అమెరికా ప్రభుత్వ పునరుత్పాదక ఇంధన ల్యాబ్ వాళ్లు కలిసి 40 శాతం గీత దాటారు. రెండు రకాల సెల్ పొరలు ఒకదాని మీద ఒకటి, వెనక బంగారు అద్దం, ఎమిటర్ వైపు 2400 డిగ్రీలు, 41.1 శాతం. అంత వేడి దగ్గర కూడా వాళ్ల సెల్ హద్దుకు లోపలున్న వెలుగు, నా లెక్క ప్రకారం, ఐదో వంతు కన్నా కొంచెమే ఎక్కువ. మిగతాదంతా అద్దం పుణ్యమే. 2024లో మిషిగన్ వాళ్లు గాలి వంతెన సెల్‌తోనే 1435 డిగ్రీల దగ్గర 44 శాతం చూపించారు. ఆవిరి టర్బైన్లతో పోల్చదగ్గ అంకె ఇది, తిరిగే భాగం ఒక్కటీ లేకుండా.

అయితే ఈ శాతాలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. సెల్‌లో దిగిన శక్తిలో ఎంత కరెంటు అయింది అన్నదే ఆ శాతం. తిరిగి వెళ్లిన వెలుగు నష్టం కింద లెక్కలోకి రాదు, ఎందుకంటే అది ఎమిటర్‌కు చేరుతుందని అనుకుంటున్నారు. 41.1 శాతం వచ్చిన ఎం.ఐ.టి. ప్రయోగంలో సుమారు ఒక చదరపు సెంటీమీటరు సెల్, వేడి దీపం, కింద వేడి ప్రవాహాన్ని కొలిచే సెన్సార్ ఉన్నాయి. కొలత నిజాయితీగానే ఉంది. కానీ పెద్ద యంత్రంలో పక్క సందుల్లోంచి పారిపోయే వెలుగు, ఇన్సులేషన్‌లోంచి కారే వేడి, పంపులు తినే కరెంటు ఇవన్నీ ఆ 41 లోంచే తీసేయాలి. కాలిబ్రేషన్ చేసే నాలాంటివాళ్లం సర్టిఫికెట్‌లో మొదట చూసేది విలువ కాదు, ఏ పరిస్థితుల్లో కొలిచారన్నది.

ఇదంతా చదివాక సహజంగా వచ్చే ప్రశ్న: మా ఫర్నేస్ తలుపు దగ్గర ఒక చదరపు మీటరు పెట్టుకుంటే? ఉక్కు మిల్లుల్లో వేడి బిల్లెట్ల ఎదుట గాలియం యాంటిమొనైడ్ సెల్‌లు పెట్టాలని అమెరికాలో లూయిస్ ఫ్రాస్ 2014 ప్రాంతంలోనే ప్రతిపాదించారు, కాబట్టి ఇది నా పిచ్చి ఊహ కాదు. 254 కిలోవాట్లు సెల్ మీద పడతాయి. 213 దాకా తిరిగి వెళ్తాయి. సెల్‌లో దిగేది 41 అనుకుంటే, 30 శాతం లెక్కన కరెంటు 12 కిలోవాట్లు. మిగతా 29 కిలోవాట్లు కూలింగ్ వాటర్‌లోకి పోవాలి, సెల్‌ను చేయి పెట్టగలిగేంత చల్లగా ఉంచుతూ. ఆ నీళ్లు ఒక నిమిషం ఆగితే సెల్ ఉండదు. నీళ్లు ఆగవని హామీ ఇచ్చే మనిషిని నేను మిల్లుల్లో ఇంకా చూడలేదు.

దానికన్నా పెద్ద శత్రువు దుమ్ము. పొలుసు పొడి, నూనె ఆవిరి, నీటి తుంపర కలిసి పైరోమీటర్ లెన్స్ మీద పొరలా పేరుకుంటాయి. ఎయిర్ పర్జ్ (లెన్స్ మీదికి గాలి ఊదే ఏర్పాటు) పెట్టినా వారానికోసారి తుడవాల్సిందే. 98.5 శాతం తిప్పి పంపే సెల్ ముందు వేలిముద్రంత మసి పేరుకున్నా ఆ 1.5 శాతం లెక్క గంగలో కలిసినట్టే. ఉక్కు పరిశ్రమలో వృథా వేడిని పట్టుకోవడానికి మోటు దారులే బాగా పనిచేశాయి. విశాఖ ఉక్కులో ఎర్రటి కోక్ బొగ్గును నీళ్లతో ఆర్పకుండా నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి తీస్తారు. బాయిలర్ గొట్టానికి మసి పడితే కాస్త తక్కువ పనిచేస్తుంది, అంతే.

కాబట్టి నా అంచనా ఇది: టీపీవీ ముందు ఫర్నేస్‌లకు రాదు, పెట్టెల్లోకి వస్తుంది. పగలు మిగిలిన సోలార్ కరెంటుతో గ్రాఫైట్ దిమ్మెలను తెల్లగా కాల్చి, గాలి చొరబడని పెట్టెలో దాచి, రాత్రి అదే పెట్టెలో సెల్‌లు తెరిచి కరెంటు తీయడం. అసెగన్ హెన్రీ ఆలోచన అదే, కాలిఫోర్నియాలో యాంటోరా అనే కంపెనీ చేస్తున్నదీ అలాంటిదే. లోపల జడ వాయువు, దుమ్ము లేదు, నూనె లేదు. పైగా అది దాదాపు మూసిన పెట్టె. సందుల్లోంచి పారిపోయే వెలుగు కూడా తక్కువ, తిరిగి వెళ్లింది తిరిగి ఎమిటర్‌కే చేరుతుంది.

సెల్‌ను, ఎమిటర్‌ను తరంగం కన్నా దగ్గరికి జరిపి ఇంకా ఎక్కువ వేడి లాగే నియర్ ఫీల్డ్ అనే పద్ధతి కూడా ఉంది. వేడి పలకకు, చల్లటి పలకకు మధ్య వంద నానోమీటర్ల సందు నిలబెట్టాలి. మా లోకంలో ధూళి రేణువు దానికన్నా లావు. దాని గురించి ఇంతే చాలు.

నగిషీ వేడిలో నిలవదన్నాను కదా, చల్లటి చోట హాయిగా నిలుస్తుంది. అందుకేనేమో ఈ విద్య వేగంగా పాకుతున్నది కొలిమిలోకి కాదు, డాబాల మీదికి. 2014లో స్టాన్‌ఫర్డ్‌లో అశ్వత్ రామన్, షాన్‌హుయ్ ఫాన్ వెండి మీద హాఫ్నియం ఆక్సైడ్, సిలికా పొరలు ఏడు వేసి ఎండలో పెట్టారు. అది 97 శాతం ఎండను తిప్పికొట్టి, 8 నుంచి 13 మైక్రాన్ల మధ్య తన వేడిని ఆకాశంలోకి పంపేసి, చుట్టూ ఉన్న గాలికన్నా 4.9 డిగ్రీలు చల్లగా నిలబడింది. ఆ తరంగాలకు వాతావరణం కిటికీలా తెరిచి ఉంటుంది. తేమ పెరిగితే ఆ కిటికీ మూసుకుపోతుంది. ఇలాంటి పూత అనంతపురంలో, హైదరాబాద్‌లో చేసినంత పని మా విశాఖ ఉక్కపోతలో చేయదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ లాంటిది కోస్తాలో పెట్టేవాళ్లు ఈ తేడా లెక్కలోకి తీసుకోవాలి. తెల్ల పెయింటు ఎండను తిప్పికొట్టడం వరకు ఎక్కడైనా బాగానే పనిచేస్తుంది.

మేనల్లుడికి ఫోన్ చేసి అద్దం మీద చేయమని చెప్పాను. అంతా విని, "బాగానే ఉంది అత్తా, కానీ మా గైడ్ దగ్గర టంగ్‌స్టన్ పూత వేసే మెషిన్ ఉంది, బంగారం కొనడానికి డబ్బుల్లేవు" అన్నాడు. అంతే సంగతి, ఎమిటరే చేస్తున్నాడు. చదువులో సగం నిర్ణయాలు ల్యాబ్‌లో ఏ మెషిన్ ఉందన్నదాన్ని బట్టే జరుగుతాయి.

ఇప్పుడు కొత్త కోరిక ఒకటి మొదలుపెట్టాడు. మా కాలిబ్రేషన్ రూమ్‌లోని ఫర్నేస్‌లో తన శాంపిల్ వారం రోజులు 1100 డిగ్రీల దగ్గర ఉంచి చూడాలట, నగిషీ నిజంగా నిలవదేమో నాకే చూపిస్తాడట. అది గాలి ఉన్న ఫర్నేస్ నాన్నా, నీ టంగ్‌స్టన్ మొదటి పూటే పసుపు పొడిగా మారి ఎగిరిపోతుంది, అంచులు గుండ్రబడ్డాయో లేదో చూడ్డానికి అంచులే మిగలవు అన్నాను. "అయితే ఆర్గాన్ సిలిండర్ పెట్టిద్దాం, గొట్టం నేను తెస్తా" అన్నాడు. ఆర్గాన్‌కు ఇండెంట్ రాయాలి, సేఫ్టీవాళ్ల పర్మిషన్ కావాలి, బయటి కుర్రాడికి గేట్ పాస్ కావాలి. మూడు కాగితాలూ సోమవారం కదుపుతాను.